టీస్పూనా, టేబుల్‌స్పూనా, మిల్లీలీటరా: దేన్ని దేనితో కొలవాలి

ఒక టీస్పూన్ అంటే 5 మి.లీ. ఒక టేబుల్‌స్పూన్ అంటే 15 మి.లీ. ఈ రెండు అంకెలు నోటికి వస్తే వంటింటి కొలతల లెక్కలు చాలావరకు తేలిపోతాయి. అయినా కేకు పొంగకుండా కూర్చుంటుంది, బ్రెడ్డు గట్టిగా వస్తుంది, పిల్లల సిరప్ ఎక్కువో తక్కువో పడుతుంది. ఇలా జరిగిన చాలాసార్లు లెక్కలో తప్పేమీ ఉండదు. లెక్కలో ఉన్న చెంచా వేరు, చేతిలో ఉన్న చెంచా వేరు.

నాకు ఈ విషయం ఆలస్యంగా తెలిసింది. ఒక మధ్యాహ్నం డ్రాయర్‌లో ఉన్న చెంచాలన్నీ బయటికి తీశాను. డిజిటల్ కాటా మీద గ్లాసు పెట్టి, సున్నా చేసి, ఒక్కో చెంచాతో పదిసార్లు నీళ్ళు పోశాను. నీళ్ళు ఒక మి.లీ. ఉంటే ఒక గ్రాము తూగుతాయి. గది వేడిని బట్టి వచ్చే తేడా వంటకి లెక్కలోకి రానంత చిన్నది. కాబట్టి కాటా చూపించిన గ్రాముల్ని పదితో భాగిస్తే ఆ చెంచా ఎన్ని మి.లీ. పడుతుందో వచ్చేస్తుంది. నేను టీస్పూన్ అనుకుని వాడుతున్న మూడింటిలో ఒకటి మూడు మి.లీ.కి కాస్త పైన, ఇంకొకటి నాలుగున్నర, మూడోది దాదాపు ఏడు పట్టాయి. ఆ ఏడు మి.లీ. చెంచాతోనే, అదీ గుట్టగా, ఏళ్ళ తరబడి బేకింగ్ సోడా వేస్తున్నాను. కేకులో అప్పుడప్పుడు సబ్బు వాసన ఎందుకు వచ్చేదో ఆ రోజు అర్థమైంది.

ఏ కొలత తప్పితే ఏం జరుగుతుందో ముందు ఆలోచించి, దాన్ని బట్టి సాధనం ఎంచుకోవాలన్నది నా నమ్మకం. కూరగాయలు వేయించడానికి నూనె రెండు మి.లీ. ఎక్కువైనా ఏమీ కాదు. సోడా రెండు మి.లీ. ఎక్కువైతే కేకు పాడవుతుంది. పసిపిల్ల మందు రెండు మి.లీ. ఎక్కువైతే అది ప్రమాదం. ఈ మూడింటినీ ఒకే చెంచాతో కొలవకూడదు.

ముందు ఆ చెంచా ఏ దేశానిదో చూడండి

టీస్పూన్ విషయంలో పెద్ద గొడవ లేదు. మెట్రిక్ టీస్పూన్ సరిగ్గా 5 మి.లీ. అమెరికాలో పాత పద్ధతి ప్రకారం అది 4.93 మి.లీ. ఆ తేడా కంటికి కనపడదు, నాలుకకి తెలియదు. అక్కడ ఆహార ప్యాకెట్ల మీద పోషకాల పట్టిక వేయడానికి ప్రభుత్వమే టీస్పూన్‌ని 5, టేబుల్‌స్పూన్‌ని 15, కప్పుని 240 మి.లీ.గా తీసుకోమంది. అందుకే టీస్పూన్ అని కనపడితే ఏ దేశపు వంటకమైనా 5 అనుకుని ముందుకెళ్ళిపోవచ్చు.

టేబుల్‌స్పూన్ దగ్గర మాత్రం ఆగాలి. అమెరికాది 14.8 మి.లీ., అంటే 15 అనుకోవచ్చు. బ్రిటన్, కెనడా, న్యూజీలాండ్, జపాన్‌లలో ఇప్పుడు 15. ఆస్ట్రేలియాలో 20. అక్కడ ఒక టేబుల్‌స్పూన్‌కి నాలుగు టీస్పూన్లు, మిగతా చోట్ల మూడు. ఆస్ట్రేలియా వంటకం చూసి మన 15 మి.లీ. చెంచాతో రెండుసార్లు వేస్తే 40కి బదులు 30 పడుతుంది, అంటే పావు వంతు తగ్గుతుంది. తిరగేసి, అమెరికా వంటకానికి 20 మి.లీ. చెంచా వాడితే మూడో వంతు పెరుగుతుంది. సాస్‌లో ఇది సర్దుకుపోతుంది. జెలటిన్‌లో, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచే వాటిలో సర్దుకోదు. ఒకటి గడ్డకట్టకుండా జారిపోతుంది, ఇంకొకటి జిగురులా తయారవుతుంది.

వంటకం ఎక్కడిదో తెలియకపోతే పదార్థాల పట్టికే కొంత చెప్తుంది. వెన్న 'స్టిక్'లలో (అంటే కడ్డీల లెక్కలో), వేడి ఫారెన్‌హీట్‌లో ఉంటే దాదాపు అమెరికాదే, 15 వేసుకోండి. కప్పుల పక్కనే గ్రాములు, సెల్సియస్ ఉండి, ఒక కప్పు అంటే 250 మి.లీ. అని రాసి ఉంటే అది ఆస్ట్రేలియాది కావచ్చు, న్యూజీలాండ్‌ది కావచ్చు, కెనడాది కావచ్చు. అప్పుడు రాసినవాళ్ళు ఏ దేశం వాళ్ళో వెతికి చూడడమే మంచిది. ఎక్కడా ఆనవాలు దొరకకపోతే నేను 15తో మొదలుపెడతాను. తక్కువైతే తర్వాత కలపొచ్చు, ఎక్కువైంది వెనక్కి తీయలేం.

కొన్ని వంటకాల్లో డెసర్ట్‌స్పూన్ అని కూడా కనిపిస్తుంది. అది 10 మి.లీ., అంటే రెండు టీస్పూన్లు. స్వీడన్ వంటకాల్లో 1 మి.లీ.కి కూడా ఒక చిన్న చెంచా ఉంది, సుగంధ ద్రవ్యాల కోసం. అక్కడ పెద్ద కొలతలకి డెసిలీటరు వాడతారు. ఒక డెసిలీటరు అంటే 100 మి.లీ. జర్మన్ వంటకంలో 'ఎస్‌లోఫెల్' అంటే 15, 'టేలోఫెల్' అంటే 5. ఫ్రెంచ్‌లో 'సూప్ చెంచా' 15, 'కాఫీ చెంచా' 5. యాంత్రిక అనువాదంలో ఈ కాఫీ చెంచా అలాగే వచ్చేస్తుంది. అది చూసి ఇంకేదో చిన్న చెంచా అని కంగారుపడక్కర్లేదు, మామూలు టీస్పూనే.

సంక్షిప్తాల దగ్గర మాత్రం చాలామంది పడిపోతారు. ఇంగ్లిష్ వంటకాల్లో టీస్పూన్‌ని 'టి.ఎస్.పి.' అనీ టేబుల్‌స్పూన్‌ని 'టి.బి.ఎస్.పి.' అనీ రాస్తారు. మధ్యలో ఒక్క 'బి' అక్షరమే తేడా. ఇంకొందరు టీస్పూన్‌కి ఇంగ్లిష్ చిన్న అక్షరం 'టి', టేబుల్‌స్పూన్‌కి పెద్ద అక్షరం 'టి' మాత్రమే వేస్తారు. హడావిడిలో ఒకటి చదివి ఇంకొకటి వేస్తే కొలత మూడు రెట్లు పెరుగుతుంది, లేదా మూడో వంతుకి పడిపోతుంది. దేశాల మధ్య తేడాల కన్నా ఈ పొరపాటే ఎక్కువ నష్టం చేస్తుంది. నేను వంటకం కాగితం మీదకి ఎక్కించుకునేటప్పుడు అన్నింటినీ మి.లీ.లోకి మార్చే రాసుకుంటాను. 5 అనీ 15 అనీ రాసి ఉంటే తడబడే వీలే లేదు.

మిల్లీలీటరుకి ఈ దేశాల గొడవ లేదు. లీటరంటే ఒక ఘన డెసిమీటరు, మిల్లీలీటరంటే ఒక ఘన సెంటీమీటరు, ఎక్కడైనా అంతే. 1901 నుంచి 1964 వరకు లీటరుకి ఒక కిలో నీళ్ళు పట్టే ఘనపరిమాణం అని నిర్వచనం ఉండేది. దానివల్ల ఒక లీటరు 1000 ఘన సెంటీమీటర్లకన్నా వెంట్రుకవాసి ఎక్కువగా, 1000.028గా తేలేది. 1964లో ఆ చిన్న తేడాని కూడా తీసేశారు. సిరంజి మీద 'సి.సి.' (ఘన సెంటీమీటరు) అని ఉన్నా మి.లీ. అని ఉన్నా ఒకటే.

కప్పు, ఔన్సు

చెంచాలు ఎక్కువైతే వంటకం కప్పుల్లోకి వెళ్తుంది, అక్కడ తేడాలు ఇంకా పెద్దవి. అమెరికా కప్పు 236.6 మి.లీ. మెట్రిక్ కప్పు 250. జపాన్ కప్పు 200, అక్కడ బియ్యానికి వాడే కప్పు మాత్రం 180. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు చాలావరకు ఈ 180దే. దాన్నే 'కప్పు' అనుకుని కేకుకి పిండి కొలిస్తే పావు వంతు దాకా తగ్గిపోతుంది.

ద్రవాల ఔన్సు అమెరికాలో 29.6 మి.లీ., బ్రిటన్ పాత కొలతలో 28.4. ఇవి కాక బరువు ఔన్సు అని ఇంకొకటుంది, అది 28.35 గ్రాములు. నీళ్ళకి, పాలకి ఈ రెండూ కలిపేసినా బతికిపోతాం. తేనెకో పిండికో కలిపేస్తే దెబ్బతింటాం. 'ఔన్సు' పక్కన 'ఫ్లూయిడ్' అన్న మాట ఉందో లేదో చూసుకుంటే చాలు.

చేతి లెక్కలు

పావు టీస్పూన్ 1.25 మి.లీ., అర టీస్పూన్ 2.5. అర టేబుల్‌స్పూన్ అంటే 7.5, దానికి ఒకటిన్నర టీస్పూన్ వేస్తే సరి. నాలుగు టేబుల్‌స్పూన్లు 60, అదే అమెరికా పావు కప్పు. మూడో వంతు కప్పు అంటే 80, దానికి ఐదు టేబుల్‌స్పూన్లు, పైన ఒక టీస్పూన్. పదహారు టేబుల్‌స్పూన్లు 240, ఒక నిండు అమెరికా కప్పు.

వెనక్కి రావాలంటే, అంటే మి.లీ.లో ఇచ్చిన వంటకానికి చెంచాలు మాత్రమే చేతిలో ఉంటే, ముందు 15తో భాగించండి, మిగిలినదాన్ని 5తో. 25 మి.లీ. అంటే ఒక టేబుల్‌స్పూన్, రెండు టీస్పూన్లు. 40 అంటే రెండూ, రెండూ. 100 అంటే ఆరు టేబుల్‌స్పూన్లు, రెండు టీస్పూన్లు. కానీ 60 దాటితే చెంచాలు పక్కన పెట్టేయమని నా సలహా. ఒక్కో చెంచాకి వచ్చే చిన్న తేడా ప్రతిసారీ కలుస్తూ పోతుంది, ఎన్ని వేశామో మధ్యలో లెక్క కూడా తప్పుతుంది. ఫోన్ మోగిందంటే ఇక అంతే.

వంటకాన్ని సగానికి తగ్గించాలన్నా నాలుగు రెట్లు చేయాలన్నా మి.లీ.లోకి మార్చుకోవడమే సులువు. ఒకటిన్నర టీస్పూన్‌ని నాలుగు రెట్లు చేయాలంటే చెంచాల్లో ఆలోచిస్తే కాసేపు పడుతుంది. 7.5ని నాలుగుతో గుణిస్తే 30, అంటే రెండు టేబుల్‌స్పూన్లు.

ద్రవాలకి: చెంచా, జాడీ, సిరంజి

నూనె, నీళ్ళు, వెనిగర్, ఎసెన్సు లాంటివి 60 మి.లీ. లోపుంటే కొలత చెంచాల సెట్టే హాయి. డ్రాయర్‌లో తినే చెంచాలు కాకుండా, కాడ మీద మి.లీ. అంకె చెక్కి ఉన్నవి. వాటిలో కూడా లోతుగా, నోరు చిన్నగా ఉన్నవి ఎంచుకోండి. పల్చగా, పళ్ళెంలా వెడల్పుగా ఉన్నవి వద్దు. దీనికి కారణం చెంచా నోట్లోనే ఉంది. నీళ్ళు అంచు వరకు వచ్చి ఆగవు. చెంచాని కళ్ళకి ఎదురుగా పెట్టుకుని చూడండి, అంచు దాటి కొంచెం ఉబ్బుగా నిలబడతాయి. 15 మి.లీ. చెంచా అర్ధగోళంలా ఉంటే దాని నోరు సుమారు 12 చదరపు సెంటీమీటర్లుంటుంది. దాని మీద నీటి మట్టం ఒక్క మిల్లీమీటరు పెరిగితే 1.2 మి.లీ. ఎక్కువైనట్టు, అంటే 8 శాతం. అదే కొలత పల్చటి చెంచాలో పోస్తే, నోరు 20 చదరపు సెంటీమీటర్లుంటే, అదే మిల్లీమీటరుకి 2 మి.లీ. ఎక్కువవుతుంది, 13 శాతం. చేతి వణుకు, చూపు తేడా రెండు చెంచాలకీ ఒకటే అయినా పల్చటి చెంచాలో తప్పు పెద్దదవుతుంది.

60 నుంచి పైకి జాడీ, అంటే గీతలున్న కొలత కప్పు. దాన్ని ఎత్తి చేత్తో పట్టుకుని చూడొద్దు, బల్ల మీద పెట్టి మీరు వంగండి. గాజు గోడ దగ్గర నీళ్ళు కొంచెం పైకెక్కి మధ్యలో పల్లంగా ఉంటాయి. ఆ పల్లం అడుగు గీతకి తాకాలి. పై నుంచి చూస్తే మట్టం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, అందుకని తక్కువ పోసి ఆపేస్తాం. కొలవాల్సింది పాత్రలో కనీసం సగం వరకు వచ్చేలా పాత్ర పరిమాణం ఎంచుకుంటే మంచిది. లీటరు జాడీలో 30 మి.లీ. కొలవడం వృథా ప్రయాస. అడుగున ఒక పల్చటి పొర తప్ప ఏమీ కనపడదు.

తేనె, సిరప్, గ్లిసరిన్ లాంటి జిగురు పదార్థాలకి చెంచా నిండా తీసుకున్నా అంతా పడదు, గోడలకి అంటుకుని మిగిలిపోతుంది. ముందు చెంచాకి నూనె రాస్తే సాఫీగా జారుతుంది. వంటకంలో నూనె కూడా ఉంటే నూనె ముందు కొలిచి, కడగకుండా అదే చెంచాతో తేనె తీసుకోండి. ఇంకా మేలైన దారి కాటా. గిన్నెని కాటా మీద పెట్టి సున్నా చేసి, తేనె నేరుగా సీసా నుంచి పోసేయడమే. ఒక టేబుల్‌స్పూన్ తేనె సుమారు 21 గ్రాములు.

ఒక్క మి.లీ., రెండు మి.లీ. లాంటి చిన్న కొలతలకి సూది లేని సిరంజికి సాటి లేదు. ఘాటైన ఎసెన్సుకీ రంగుకీ నేను అదే వాడతాను. ఆ పనికి వాడిన సిరంజి మళ్ళీ మందుకి వాడను.

పొడులకి: ఇక్కడ మి.లీ. సగమే చెప్తుంది

ద్రవాన్ని నొక్కినా కుదించుకోదు, గుట్టగా నిలబడదు. పొడి ఈ రెండూ చేస్తుంది. 15 మి.లీ. పిండి అన్నప్పుడు అది ఎంత పిండి అన్నది పిండిని డబ్బాలోంచి ఎలా తీశామన్నదాని మీద ఉంటుంది. మైదాని జల్లించి, మెల్లగా కప్పులోకి వేసి పైన చాకుతో గీస్తే అమెరికా కప్పుకి 120 గ్రాముల దాకా వస్తుంది. అదే కప్పుని డబ్బాలోకి గుచ్చి తీస్తే 140, 150 వరకు పోతుంది. కప్పు మారలేదు, పిండి పావు వంతు దాకా పెరిగింది. వంటకం రాసినవాళ్ళు ఏ పద్ధతిలో తీశారో మనకి తెలియదు. అందుకే పిండికి మి.లీ.లోకి మార్చే లెక్కని నేను నమ్మను. గ్రాములిచ్చిన వంటకం దొరికితే అదే పట్టుకుంటాను.

గ్రాములు ఇవ్వని వంటకానికి ఉజ్జాయింపుగా, అన్నీ పైన గీసి సమం చేసిన చెంచాకి: టీస్పూన్ సన్నటి ఉప్పు 6 గ్రాములు, చక్కెర 4 గ్రాములు, బేకింగ్ సోడా దగ్గర దగ్గర 5 గ్రాములు, పొడి ఈస్ట్ 3 గ్రాములు. టేబుల్‌స్పూన్ లెక్కలో మైదా 8 గ్రాములు, చక్కెర 12.5, నూనె 14 కన్నా కొంచెం తక్కువ, వెన్న 14. ఒకే చెంచా నుంచి ఇన్ని బరువులు వస్తున్నాయంటే, 'ఒక టేబుల్‌స్పూన్ ఎన్ని గ్రాములు?' అన్న ప్రశ్నకి పదార్థం పేరు చెప్పకుండా జవాబు లేదన్నమాట. దేనికైనా 15 గ్రాములే అని చెప్పే పట్టికలు కనిపిస్తుంటాయి. అవి నీళ్ళకి మాత్రమే సరిపోతాయి.

ఉప్పు గురించి విడిగా చెప్పాలి. సన్నటి ఉప్పు టీస్పూన్‌కి 6 గ్రాములు పడితే, పెద్ద పలుకులుగా, రేకులుగా ఉండే ఉప్పులో కొన్ని రకాలు అదే చెంచాకి 3 గ్రాములే పడతాయి, పలుకుల మధ్య గాలి ఎక్కువ కాబట్టి. ఒక ఉప్పుతో రాసిన వంటకాన్ని ఇంకో ఉప్పుతో చేస్తే ఉప్పదనం సగానికి తగ్గుతుంది, లేదా రెట్టింపవుతుంది. ఆరోగ్యానికి సంబంధించి కూడా ఈ లెక్క పనికొస్తుంది. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. సన్నటి ఉప్పు అయితే అది సమం చేసిన ఒక టీస్పూన్‌కి కాస్త తక్కువ.

గుట్టగా తీసిన చెంచాని ఇంకా నమ్మలేం. సమంగా తీసినదానికి ఒకటిన్నర రెట్లు కావచ్చు, రెండు రెట్లు కూడా కావచ్చు, పొడి ఎంత సన్నగా ఉంది, ఎంత తేమగా ఉంది అన్నదాన్ని బట్టి. వంటకంలో 'గుట్టగా' అని ప్రత్యేకంగా రాస్తే తప్ప ప్రతి చెంచానీ చాకు వీపుతో గీసేయండి. డబ్బా అంచుకి రాసి సమం చేయడం కూడా మంచి అలవాటే, కింద ఏమీ ఒలకదు. బ్రౌన్ షుగర్‌కి మాత్రం తిరగేసి, వంటకాలు సాధారణంగా నొక్కి నింపమంటాయి.

కాటా కూడా అన్నింటికీ మందు కాదు. వంటింటి కాటా చాలావరకు ఒక్కో గ్రాము చొప్పున చూపిస్తుంది. అది 3 అని చూపిస్తే అసలు బరువు రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈస్ట్, సోడా లాంటి చిన్న కొలతలకి ఆ అర గ్రాము చాలా ఎక్కువ. అక్కడ 5 మి.లీ., 2.5 మి.లీ. కొలత చెంచాలే కాటా కన్నా నమ్మకం. పైగా కొన్ని కాటాలు మెల్లమెల్లగా చిటికెడు చిటికెడు వేస్తే గుర్తించవు, అంకె కదలదు. అలాంటప్పుడు గిన్నె తీసేసి, ఇంకొంచెం వేసి, మళ్ళీ పెట్టి చూడాలి. నా పద్ధతి ఇది: 15 గ్రాములు దాటిన పొడికి కాటా, ఆ లోపు సమం చేసిన కొలత చెంచా. చాలా చిన్న బరువు కచ్చితంగా కావాలంటే, నీళ్ళలో కరిగేదైతే, 10 గ్రాముల ఉప్పుని నీళ్ళతో 100 మి.లీ. వరకు కలిపి, అందులో 10 మి.లీ. తీసుకుంటే అందులో ఒక గ్రాము ఉప్పు ఉంటుంది. చిన్న బరువు తూచే కష్టం పోతుంది.

మందులకి చెంచా వద్దు

ఈ ఒక్క విషయంలో ఎవరు నాతో వాదించినా ఒప్పుకోను. పిల్లల మందుని చెంచాతో కొలవొద్దు. వంటింటి కొలత చెంచా కూడా వద్దు. మందు మీద మి.లీ. రాసి ఉంటుంది, మి.లీ. గీతలున్న సిరంజితోనో, ఆ సీసాతో వచ్చిన గీతల మూతతోనో, డ్రాపర్‌తోనో కొలవాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో పిల్లల ద్రవ మందుల మోతాదు మి.లీ.లోనే రాయాలనీ, టీస్పూన్ టేబుల్‌స్పూన్ మాటలు వాడొద్దనీ విధానంగా ప్రకటించింది. డాక్టరు 'ఒక చెంచాడు' అని నోటితో చెప్తే, ఎన్ని మి.లీ. అని అక్కడే అడిగి రాయించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నా డ్రాయర్‌లోని మూడు చెంచాల సంగతి మళ్ళీ చూడండి. 5 మి.లీ. మందుకి బదులు ఒక దాంతో మూడు పడుతుంది, ఇంకొక దాంతో ఏడు. ఒక రోజు ఒకరు ఒక చెంచాతో పోస్తారు, మర్నాడు ఇంకొకరు ఇంకో చెంచాతో. జ్వరం తగ్గలేదని మందు మార్చాలని అనుకుంటాం, అసలు సంగతి మోతాదు తక్కువ పడుతోంది.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. మి.లీ. అన్నది ద్రవం ఎంతో చెప్తుంది, అందులో మందు ఎంతో చెప్పదు. పారాసెటమాల్ సిరప్పే 5 మి.లీ.కి 120 మిల్లీగ్రాములున్నది ఉంటుంది, 250 ఉన్నదీ ఉంటుంది. సీసా మారితే అదే 5 మి.లీ.లో మందు రెట్టింపు దాకా పోతుంది. మి.గ్రా., మి.లీ. పొట్టి రాతలో ఒక్క అక్షరమే తేడా కాబట్టి రెండోసారి చదవడం మంచిది. చీటీ మీద అర మి.లీ. రాయాల్సి వస్తే 0.5 అని ముందు సున్నాతో రాయండి. ఉత్త .5 అని రాస్తే చుక్క కనపడకపోతే అది 5 అయిపోతుంది. అలాగే 5ని 5.0 అని రాయొద్దు, చుక్క మాయమైతే 50.

సిరంజి ఎంపిక కూడా జాడీ లాగానే. 2.5 మి.లీ.కి 3 లేదా 5 మి.లీ. సిరంజి, 0.8కి 1 మి.లీ.ది. పది మి.లీ. సిరంజిలో అర మి.లీ. కొలవడం కష్టం. సీసా బాగా కుదిపి, మందు లాగి, సిరంజిని మొన పైకి వచ్చేలా పట్టుకుని వేలితో తట్టండి. బుడగ పైకి వస్తుంది, దాన్ని బయటికి నెట్టేసి మళ్ళీ సరిచూసుకోండి. లోపలి రబ్బరు గోడకి ఆనుకున్న పై అంచు గీత మీదకి రావాలి. రబ్బరు మధ్యలో మొనలా ఉంటే ఆ మొనని చూడొద్దు. సిరంజికి చిన్న మూత ఉంటే పిల్లల నోటి దగ్గరికి తెచ్చేముందే తీసి దూరంగా పెట్టండి, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. మందుని నాలుక వెనక్కి కాకుండా బుగ్గ లోపలి వైపుకి, కొంచెం కొంచెంగా పోయాలి.

ఇదే జాగ్రత్త మొక్కలకి కొట్టే పురుగుమందులకీ శుభ్రం చేసే ద్రవాలకీ కూడా ఉండాలి. వాటికి విడిగా ఒక కొలత పాత్ర పెట్టుకుని, వంటింటికి దూరంగా ఉంచండి. కడిగితే పోతుందిలే అనుకుని తినే చెంచా తీసుకోవద్దు.

కొనేముందు, కొన్నాక

ఒక్కటే కొనాలంటే 1.25, 2.5, 5, 15 మి.లీ. ఉన్న కొలత చెంచాల సెట్టు కొనండి. అంకెలు చెక్కి ఉండాలి, రంగుతో అచ్చు వేసినవి కొన్నాళ్ళకి చెరిగిపోతాయి. నోరు సన్నగా, మసాలా సీసాలోకి దూరేలా ఉంటే ఇంకా మంచిది. చెంచా బల్ల మీద పెడితే ఒరిగిపోకుండా నిలబడాలి, లేకపోతే రెండు చేతులూ కావాల్సిన పనిలో ఇబ్బంది. రెండోది కొనగలిగితే కాటా, బేకింగ్ తరచూ చేసేవాళ్ళకి జాడీ కన్నా ముందు అదే. ద్రవాలు కూడా దాని మీద గ్రాముల్లో తూచేసుకోవచ్చు కాబట్టి జాడీ లేకపోయినా గడుస్తుంది. బేకింగ్ జోలికి వెళ్ళనివాళ్ళకి కాటా అక్కర్లేదు, సెట్టూ ఒక అర లీటరు జాడీ చాలు.

ఏమీ కొనకుండా ఉన్న చెంచాతోనే సర్దుకోవాలనుకుంటే ఒక మంచి ఉపాయముంది. శుభ్రమైన 5 మి.లీ. సిరంజిలో నీళ్ళు నింపి, చెంచాలోకి అంచు సమం అయ్యేవరకు వదలండి. సిరంజిలో ఎంత తగ్గిందో అదే ఆ చెంచా కొలత. 4 వస్తే, ఐదు చెంచాలకి నాలుగు టీస్పూన్లు అయ్యాయని లెక్క. ఆ అంకెని చిన్న కాగితం మీద రాసి డ్రాయర్ లోపల అంటించండి, అదే చెంచాని ఎప్పుడూ కొలతకి వాడండి.

కొత్త సెట్టుని కూడా అంకె చూసి నమ్మేయొద్దు, ఇంటికి తేగానే నీళ్ళతో పరీక్షించండి. 1.25 చెంచాతో నాలుగుసార్లు పోస్తే 5 మి.లీ. చెంచా అంచు దగ్గరికి రావాలి. 5 మి.లీ. చెంచాతో మూడుసార్లు పోస్తే 15 నిండాలి. నాలుగోది కూడా పట్టిందంటే అది 20 మి.లీ. టేబుల్‌స్పూన్, కాడ మీద మార్కర్‌తో 20 అని పెద్దగా రాసి పెట్టుకోండి. మూడోది సగంలోనే పొంగిపోతే ఆ సెట్టు కొలత సరిగ్గా లేదు, తీసుకెళ్ళి మార్చుకోండి.